కుళాయి కారితే యాప్, గోడ తడిస్తే బాబాయ్

గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మావాళ్ళ ఇల్లు కట్టి ముప్పై ఏళ్ళు దాటింది. రెండేళ్ళ కిందట పడకగదిలో మంచం తలాపు వైపు గోడ చెమ్మగిల్లింది. మొదట అరచేయంత మచ్చ, నెల తిరిగేసరికి సున్నం ఉబ్బి పెచ్చులు రాలడం. గోడకి అవతల బాత్రూమ్. నేను విజయవాడ పటమట నుంచి ఫోన్లోనే యాప్ తెరిచి ప్లంబర్‌ని బుక్ చేశాను, చెప్పిన టైముకే ఒక కుర్రాడు వచ్చాడు, మర్యాదగా చెప్పులు బయట విడిచాడు, గోడ చూశాడు, షవర్ కుళాయి కింద గోడలో పైపు పోయిందని తేల్చాడు. గోడ టైల్స్ మొత్తం తీయాలి, పద్దెనిమిది వేలు అవుతుందన్నాడు. సరే అనబోయాం.

అమ్మకి మనసొప్పలేదు. పాతికేళ్ళుగా మా వీధిలో పైపుల పని చేస్తున్న పెద్దాయన ఉన్నాడు, మేమంతా బాబాయ్ అంటాం, ఆయన్ని పిలిపించింది. ఆయన సంచి కూడా విప్పకుండా గోడ మీద చెయ్యి పెట్టి ఒకటే అడిగాడు. "అమ్మా, ఈ తడి పొద్దున్నే ఎక్కువుంటోందా, మీ అందరి స్నానాలూ అయ్యాక ఎక్కువవుతోందా?" మాలో ఎవరికీ తెలియదు, ఎవరూ ఆ కంటితో చూడలేదు. పెన్సిల్ తీసి చెమ్మ అంచు చుట్టూ గీత గీశాడు. పాత గుడ్డని పాలిథిన్ కవర్లో చుట్టి, బాత్రూమ్ నేల మీద జాలీ తీసి దాని కింద ఉండే నాని ట్రాపులో బిగించాడు. నాలుగు బకెట్లు నీళ్ళు పోసి నేల మీద అంగుళం ఎత్తున నిలబెట్టించి, సాయంత్రం దాకా అటు వెళ్ళొద్దన్నాడు. సాయంత్రానికి చెమ్మ గీత దాటలేదు. గుడ్డ తీసేసి నీళ్ళన్నీ వదిలేశాం. మర్నాడు పొద్దున చూస్తే చెమ్మ గీతకి బయట రెండు వేళ్ళ మేర పాకి ఉంది. అంటే గోడలో పైపు బాగానే ఉంది, నేల టైల్స్ అతుకులూ బాగానే ఉన్నాయి, ట్రాపుకీ బయటికెళ్ళే పైపుకీ మధ్య అతుకు వదిలింది. ఒక్క టైలు పగలగొట్టి ఆ అతుకు సరిచేశాడు. సామానుతో కలిపి రెండు వేలు కూడా కాలేదు.

ఇది చెప్పడం ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి కాదు. అతను ఆ ఇంటిని చూడటం అదే మొదటిసారి, గంటలో ఒక మాట చెప్పి ఇంకో ఇంటికి వెళ్ళాలి. పొద్దున గీత గీసి మర్నాడు వచ్చి చూసుకునే తీరిక అతని పనిలోనే లేదు. తప్పు నాది, ఏ పనికి ఎవర్ని పిలవాలో నాకు తెలియలేదు. అప్పటి నుంచి నేను పాటిస్తున్న లెక్క ఇది: లోపం కంటికి కనిపిస్తుంటే యాప్, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపించకపోతే ఆ వీధి ఇళ్ళు తెలిసిన అనుభవజ్ఞుడు. ఎవర్ని పిలిచినా ముందు మనం చూసుకోవాల్సింది కొంత ఉంది.

ముందు మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడ కట్టాలో తెలుసుకోండి

డాబా మీద ట్యాంకు నుంచి కిందికి దిగే పైపులకి గేటు వాల్వులు ఉంటాయి. ఏది వంటింటికి, ఏది బాత్రూమ్‌కి అన్నది ఇవాళే ఒక్కోటి కట్టి చూడండి. అపార్ట్‌మెంట్ అయితే బాత్రూమ్ వెనక డక్టులోనో, ఫాల్స్ సీలింగ్ పైనో ఉంటాయి. ఏళ్ళ తరబడి తిప్పకపోతే మన బోరు నీళ్ళ ఉప్పుకి అవి బిగుసుకుపోతాయి, అవసరమైన రోజు తిప్పబోతే పిడి విరిగి చేతిలోకి వస్తుంది. రెండు మూడు నెలలకోసారి ఊరికే కట్టి విప్పుతుండండి. వాష్ బేసిన్ కింద, కమోడ్ పక్కన గోడకి ఉండే చిన్న యాంగిల్ కాకులు కూడా అంతే. పైపు పగిలి నీళ్ళు చిమ్ముతున్నప్పుడు యాప్‌లో వెతుక్కునే టైము ఉండదు, ముందు మోటారు కట్టెయ్యాలి, తర్వాత వాల్వు కట్టాలి, ఆ తర్వాతే ఫోను.

తడి ఎప్పుడు పెరుగుతోందో రెండు రోజులు గమనించండి. ఎప్పుడూ ఒకేలా తడిగా ఉంటే మంచినీళ్ళ లైను, ఎందుకంటే ట్యాంకు నుంచి వచ్చే పైపులో రాత్రీ పగలూ ఒత్తిడి ఉంటుంది. స్నానాలకి, గిన్నెలకి ముడిపడి పెరిగితే వాడిన నీళ్ళు వెళ్ళే పైపు, లేకపోతే టైల్స్ అతుకులు. మోటారు వేసినప్పుడే తడి కనిపిస్తే సంపు నుంచి ట్యాంకుకి ఎక్కే పైపు. వాన పడ్డాకే వస్తే ప్లంబర్ పనే కాదు, డాబానో బయట గోడ పగుళ్ళో చూడాలి. ఈ ఒక్క సంగతి చెప్పగలిగితే వచ్చినవాడి పని సగం అయినట్టే.

మంచినీళ్ళ లైను మీద అనుమానం ఉంటే రాత్రి పడుకునే ముందు ట్యాంకులో నీటి మట్టం దగ్గర చాక్‌పీసుతో గుర్తు పెట్టి, ఎవరూ కుళాయి తిప్పకుండా, మోటారు వెయ్యకుండా ఉండి, పొద్దున్నే ముందుగా వెళ్ళి చూడండి. మట్టం దిగితే ఎక్కడో పోతున్నట్టే. మర్నాడు రాత్రి కమోడ్‌ల యాంగిల్ కాకులన్నీ కట్టేసి మళ్ళీ చూడండి, ఈసారి దిగకపోతే దొంగ ఫ్లష్ ట్యాంకే. దాన్ని విడిగా పట్టాలంటే బట్టలకి వాడే నీలిమందు పది చుక్కలు ఫ్లష్ ట్యాంకులో వేసి అరగంట ఫ్లష్ చెయ్యకుండా వదలండి. కమోడ్‌లోకి నీలం దిగిందంటే అడుగున వాషర్ అరిగింది. బయటికి చప్పుడు ఉండదు, నేల తడవదు, నెలల తరబడి నీళ్ళు పోతూనే ఉంటాయి. కారే కుళాయి కింద మాత్రం ఒక లీటరు మగ్గు పెట్టండి. గంటకి నిండితే రోజుకి 24 లీటర్లు, నెలకి 720.

ఒక్క కుళాయికే ధార సన్నగా వస్తుంటే ఎవర్నీ పిలవక్కర్లేదు. కుళాయి మూతికి ఉన్న జల్లెడ చేత్తోనో, గుడ్డ చుట్టి స్పానర్‌తోనో విప్పండి. తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. నిమ్మఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమితే సరిపోతుంది. షవర్ తలకి కూడా అదే వైద్యం.

యాప్‌కి ఇవ్వాల్సిన పనులు

కుళాయి మార్చడం, యాంగిల్ కాక్, హెల్త్ ఫాసెట్, ఫ్లష్ ట్యాంకు లోపలి సామాను, సింకు కింద వేస్ట్ పైపు, వాషింగ్ మెషీన్‌కి కొత్త పాయింట్ తగిలించడం. వీటికి యాప్ హాయి. రేటు ముందే కనిపిస్తుంది, మనిషి ఎప్పుడొస్తాడో తెలుస్తుంది, పని చెడితే అడగడానికి రికార్డు ఉంటుంది. పటమటలో మా చెల్లి వాళ్ళ ఫ్లాట్లో ఆదివారం మధ్యాహ్నం సింకు కింద పైపు ఊడి వంటిల్లంతా మురుగైంది. పెళ్ళిళ్ళ సీజను, తెలిసిన ఇద్దరు ప్లంబర్లూ ఊళ్ళో లేరు. యాప్ మనిషి రెండు గంటల్లో వచ్చి బిగించి వెళ్ళాడు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి, ఊరికి కొత్తగా వచ్చి అద్దెకుంటున్నవాళ్ళకి ఇది చాలా పెద్ద సాయం, వాళ్ళకి వీధి ప్లంబర్ ఎవరో ఎలా తెలుస్తుంది?

బుక్ చేసేటప్పుడు మాత్రం కొన్ని చూసుకోండి. రేటులో సామాను కలిసి ఉందా, కూలీ ఒక్కటేనా అన్నది చదవండి, ఎక్కువ గొడవలు అక్కడే. వచ్చి చూసి పని చెయ్యకుండా వెళ్ళినా విజిటింగ్ ఛార్జీ ఎంతో చూడండి. పాడైన భాగాన్ని దగ్గర నుంచి ఒక ఫోటో, దూరం నుంచి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఇంట్లో మామూలు కుళాయి అరంగుళం, ట్యాంకు దగ్గరవి ముప్పావు, అంగుళం ఉంటాయి. ఆ సైజు ముందే చెబితే అతను రెండోసారి షాపుకి పరిగెత్తక్కర్లేదు. పాత భాగం విప్పాక మీ చేతికి ఇమ్మనండి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు కలిపి చెబుతాం కదా, మ్యాప్‌లో చుక్క పక్క లైనులో పడుతుంది, అందుకని అడ్రసులో ఆ రెండూ మాటల్లో రాసి, పక్కన ఏ బడో గుడో రాయండి.

ఓటీపీ మనిషి గుమ్మంలో నిలబడ్డాకే చెప్పండి. "యాప్ వద్దు మేడమ్, నాకే ఇవ్వండి, తగ్గిస్తాను" అంటే ఒప్పుకోకండి, తర్వాత మళ్ళీ కారితే అడగడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, ఫిర్యాదు చెయ్యాలంటే యాప్ లోపలే చెయ్యండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేస్తే ఆ నంబరు మోసగాళ్ళది కావచ్చు. రిఫండ్ పంపిస్తాం, ఈ లింకు నొక్కండి, ఈ యాప్ వేసుకుని స్క్రీన్ చూపించండి అంటారు, నిమిషాల్లో ఖాతా ఖాళీ అవుతుంది. అలా జరిగితే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ మోసాలకి దేశమంతటికీ ఉన్న నంబరు అది.

చెయ్యి తిరిగినవాడే కావలసిన పనులు

ఎక్కడుందో తెలియని లీకు మొదటిది. రెండోది పాత ఇళ్ళలో జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనప పైపులు. పొద్దున్నే మొదటి బకెట్ తుప్పు రంగులో వస్తోందన్నా, ఇల్లంతా ధార ఏటికేడు తగ్గుతోందన్నా పైపు లోపల తుప్పు, ఉప్పు పేరుకుని దారి సన్నబడినట్టు. అక్కడ ఒక ముక్క మారిస్తే, ఆ బిగింపు అదురుకి పక్క అతుకు వదులుతుంది. ఎంత మేర మార్చాలి, గోడ పగలగొట్టకుండా బయటి నుంచి కొత్త లైను తేవచ్చా అన్నది ఆ కాలం ఇళ్ళు చాలా చూసినవాడే చెప్పగలడు.

ఇంకొకటి గాలి పట్టడం. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్ళీ నిండాక ఒక బాత్రూమ్‌లో మాత్రం కుళాయి బుస్సుమని ఆగిపోతుంది, మిగతా ఇల్లంతా నీళ్ళు బాగా వస్తాయి. పైపు మెలిక తిరిగిన చోట గాలి ఇరుక్కుని నీటిని రానివ్వదు. దీనికి టైల్స్ పగలగొట్టాలన్నవాళ్ళని నేను విన్నాను. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, బాగా వస్తున్న కుళాయి నుంచి గాలి పట్టిన కుళాయికి ఒక రబ్బరు ట్యూబు తగిలించి రెండూ తెరవండి. నీళ్ళు వెనక్కి తోసుకెళ్ళి గాలిని పైకి పంపేస్తాయి, ఒకటి రెండు నిమిషాల పని. మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాబా మీద ట్యాంకు నుంచి దిగే పైపుకి నిలువుగా, ట్యాంకు కన్నా ఎత్తుగా ఒక ఎయిర్ పైపు ఉందో లేదో చూడమనండి. చాలా ఇళ్ళలో అది పెట్టనే పెట్టరు.

మురుగు పైపు పదే పదే మూసుకుపోతుంటే ప్రతిసారీ తీగ దూర్చి వెళ్ళిపోయేవాడి వల్ల లాభం లేదు. వాలు సరిగ్గా ఉందో లేదో చూడాలి. నాలుగు అంగుళాల పైపుకి పది అడుగుల పొడవున రెండు నుంచి మూడు అంగుళాల దిగువ ఉండాలి. వాలు చాలకపోతే నీళ్ళు నిలబడి మడ్డి పేరుకుంటుంది. అపార్ట్‌మెంట్లో కింది అంతస్తు వాళ్ళ కమోడ్ గుడగుడమంటుంటే అది వాళ్ళ ఒక్కరి పైపు కాదు, అందరి నిలువు పైపు, అసోసియేషన్ డబ్బుతో చెయ్యించాల్సిన పని. ఆ మాట మీటింగులో నిలబడి చెప్పడానికి అనుభవం ఉన్న ప్లంబర్‌ని పక్కన పెట్టుకుంటే గొడవ త్వరగా తెగుతుంది.

ఇలాంటి మనిషి దొరికేది ఎలా అంటే, మీ ఇంటి వయసే ఉన్న ఇళ్ళవాళ్ళని అడగండి. సానిటరీ షాపులో అడిగితే పేర్లు చెబుతారు, కానీ "మీ షాపులో ఎక్కువ కొనేవాళ్ళు ఎవరు" అని కాకుండా "మీ ఇంట్లో పని ఎవరు చేశారు" అని అడగండి. వచ్చినవాడు సంచి విప్పేముందు ప్రశ్నలు వేస్తున్నాడా, వాల్వు ఎక్కడ, ట్యాంకు ఎక్కడ అని చూస్తున్నాడా గమనించండి. గుమ్మంలోంచే "పగలగొట్టాలి" అన్నవాడికి నమస్కారం పెట్టి పంపించండి. ఎంత వయసున్నా సరే.

అనుభవం ఉన్నవాళ్ళతో వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. రేపొస్తానంటే ఎల్లుండి. లెక్క నోటిమాట. అందుకే రోజు కూలీయా, మొత్తం పనికి ఇంతా అన్నది ముందే మాట్లాడుకుని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి, ఆయన సరే అని పెడితే చాలు. సామాను ఏం కావాలో రాయించుకుని మీరే వెళ్ళి బిల్లుతో తెచ్చుకోండి, పైపు మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. వేడినీళ్ళకి మీగడ రంగు సీపీవీసీ పైపే వాడాలి. తెల్ల యూపీవీసీ చన్నీళ్ళకే. రెండిటికీ అంటించే సొల్యూషన్ డబ్బాలు వేరు, మిగిలిపోయింది కదా అని ఒకదానిది ఇంకోదానికి పూయనివ్వకండి. అంటించాక ఎంతసేపు ఆరాలో డబ్బా మీదే ఉంటుంది. సాయంత్రం అయిపోయిందని వెంటనే నీళ్ళు వదిలితే ఆ అతుకు ఆర్నెల్లకి గోడలో వదులుతుంది. ఇనప పైపులకి నూలు చుట్టి సఫేదా రాసి గట్టిగా బిగించడం అలవాటైన చేతులు ప్లాస్టిక్ మరల్ని కూడా అంతే బిగిస్తాయి, అవి చీలిపోతాయి. టెఫ్లాన్ టేపు చాలు బాబాయ్ అని మెల్లగా చెప్పండి, మా బాబాయ్ అయితే వింటాడు.

ఇప్పుడు మేం రెండూ కలిపి నడుపుకుంటున్నాం. ఏదైనా తేడా వస్తే వీడియో తీసి బాబాయ్‌కి వాట్సాప్‌లో పంపుతాం, "అది వాషరే అమ్మా, ఎవరితోనైనా వేయించుకో" అంటే యాప్, "నేనొచ్చి చూస్తా" అంటే ఆగుతాం. అలా చూసి చెప్పినందుకు కూడా ఆయనకి డబ్బు పంపుతాం, అది ఆయన పాతికేళ్ళ చదువు.

ఎవరి చేతా చెయ్యించకూడనివి

సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపకండి. లోపలి వాయువులకి క్షణాల్లో స్పృహ పోతుంది, కాపాడబోయినవాళ్ళూ పోతారు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ పరికరాలూ జాగ్రత్తలూ లేకుండా మనిషిని దింపి శుభ్రం చెయ్యించడం నేరం. యంత్రంతో తోడే బండినే పిలవండి. మూసుకుపోయిన పైపులో యాసిడ్ పోస్తే, తర్వాత వచ్చే ప్లంబర్‌కి ఆ మాట తప్పకుండా చెప్పండి, ఆయన ఆ పైపులో చెయ్యి పెడతాడు. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఒకదాని తర్వాత ఒకటి కూడా పొయ్యకండి. గీజర్ వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి కొద్దిగా చుక్కలు పడటం మామూలే, ఆ కన్నానికి బిరడా కొట్టించకండి, లోపల ఒత్తిడి పెరిగితే గీజర్ పేలుతుంది. నీళ్ళ మీటరుకి అవతల వీధి పైపు కారితే అది కార్పొరేషన్ పని, వాళ్ళ దగ్గరే ఫిర్యాదు రాయించండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు సంపుల్లో బురద నిండింది. అలా మునిగిన సంపుని పూర్తిగా తోడి, గోడలు తోమి, బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, మొదట నింపిన నీళ్ళు పారబోశాకే వాడుకోవాలి.

కొత్తగా బాత్రూమ్ కట్టిస్తుంటే టైల్స్ వెయ్యకముందు గోడ పక్కన టేపు పెట్టి పైపుల ఫోటోలు తీయించండి. మా నాన్న మా ఇంటి కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలి వైపు బాల్‌పెన్‌తో రాసిపెట్టుకున్నారు, "వంటింటి వాల్వు డాబా మీద, ఎడమ నుంచి రెండోది. కమోడ్ లైను నేల కింద తూర్పు గోడకి జానెడు ఇవతల." నాని ట్రాపు అతుకు వేసిన రోజున బాబాయ్ అదే తలుపు మీద, ఆ అక్షరాల కింద, తేదీతో సహా తన లైను రాసి వెళ్ళాడు.